వీడియో గేముల్లోని ఏ ఊళ్లో సామాన్యుడిగా కాపురం పెట్టవచ్చు?

చెరువుకట్ట:

ఏ వీడియో గేమ్ లోకంలో బతకాలని ఉందని అడిగితే దాదాపు అందరూ తామే కథానాయకులైనట్టు ఊహించుకుని జవాబు చెబుతారు. డ్రాగన్‌ను ఒంటిచేత్తో చంపగలిగినవాడికి ఏ ఊరైతేనేం? అందుకని ఈ చర్చకు ఒక షరతు పెడుతున్నాను. ఆ లోకంలో మీరు కూరగాయలు అమ్ముకునేవారో, గుమాస్తానో, తాపీమేస్త్రీయో అయి ఉంటారు. పిల్లలు, ముసలి తల్లిదండ్రులు మీ మీదే ఆధారపడి ఉంటారు. ఆటను సేవ్ చేసుకుని వెనక్కి వెళ్లే వీలు ఉండదు, పోతే పోయినట్టే. జ్వరం వస్తే ఎవరు చూస్తారు, అప్పు తీర్చలేకపోతే ఏమవుతుంది, చీకటి పడ్డాక బయటికి వెళ్లిన మనిషి ఇల్లు చేరతాడా అన్నవి ఆలోచించి రాయండి.

ఫాల్‌అవుట్ వంటి లోకాలను మొదటే పక్కన పెడదాం. 2077 అక్టోబరు 23న అణుబాంబులు పడ్డాక రెండు వందల ఏళ్లు గడిచినా గుక్కెడు కుంటనీళ్లు తాగితే ఒంట్లోకి రేడియేషన్ ఎక్కే చోట, సీసా మూతలే డబ్బుగా చెలామణి అయ్యే చోట, మంచిచెడుల బేరీజుకు పెద్దగా ఏమీ మిగలదు.

మడిచెక్క:

నా ఓటు స్టార్‌డ్యూ వ్యాలీకి. ఎరిక్ బరోన్ అనే ఒకే ఒక్క వ్యక్తి బొమ్మలు, సంగీతం, కథ అన్నీ తానే సమకూర్చుకుంటూ నాలుగేళ్లకు పైగా శ్రమించి తయారుచేసిన ఈ ఆట 2016 ఫిబ్రవరిలో వచ్చింది. పెలికన్ టౌన్ అనే పల్లెలో తాత వదిలి వెళ్లిన పొలం మనవడి చేతికి వస్తుంది. కౌలు కట్టే పని లేదు, పాత బాకీలు లేవు. చేతిలో పనిముట్లు, 500 నాణేలు, పార్స్‌నిప్ అనే దుంప విత్తనాలు 15 ఉంటాయి. విత్తనం ఖరీదు 20 నాణేలు, పంట చేతికి రావడానికి 4 రోజులు, దుంపకు వచ్చేది 35 నాణేలు.

అసలు విశేషం అది కాదు. ఆ దుంపలు పది అమ్మినా పదివేలు అమ్మినా ధర మారదు. సాయంత్రం ఇంటి ముందున్న పెట్టెలో వేస్తే రాత్రికి రాత్రే మేయర్ వచ్చి తీసుకువెళతాడు, తెల్లారేసరికి డబ్బు లెక్కలో చేరిపోతుంది. మదనపల్లె యార్డుకు టమాటా తోలే రైతుకు ఇది ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా? మా వైపు దిగుబడి బాగా వచ్చిన ఏడే ధర నేలకు దిగుతుంది. కోతకూలీ, బండి బాడుగ కూడా గిట్టక కాయను రోడ్డు పక్కన పారబోసిన రోజులు మేమంతా చూశాం. ఆ పల్లెలో కష్టాలు లేకపోలేదు. నెలకు 28 రోజులు, ఏడాదికి నాలుగు నెలలు. ఒక్కో నెల ఒక్కో రుతువు. రుతువు మారిన రోజునే, ఆ కాలానికి చెందని పైరంతా ఎండిపోయి కనిపిస్తుంది. దిష్టిబొమ్మ పెట్టకపోతే కాకులు తింటాయి. అయితే ఈ నష్టాలన్నీ ముందే తెలిసినవి, లెక్క వేసుకోగలిగినవి. రైతును చంపేది తెలిసిన నష్టం కాదు.

పద్దుపుస్తకం:

మడిచెక్క గారూ, మీ వాదనతో ఏకీభవిస్తూనే ఒక సందేహం లేవనెత్తుతున్నాను. నా ఉద్యోగం బ్యాంకులో కాబట్టి చూపు అటే పోతుంది. మేయర్ లూయిస్ రాత్రిపూట ఒంటరిగా వచ్చి పెట్టె ఖాళీ చేస్తాడు. తూకం చీటీ లేదు, రసీదు లేదు, సరుకు ఎవరికి ఎంతకు అమ్మాడో రైతుకు తెలియదు. ఇరవై ఏళ్లకు పైగా ఆయనే మేయర్. తన మీద ఎవరూ పోటీకి నిలబడలేదని ఆయనే చెప్పుకుంటాడు. పైగా తన బంగారు విగ్రహాన్ని తానే రహస్యంగా చేయించుకున్నాడని ఆటలో ఒకచోట బయటపడుతుంది. ఆ విగ్రహాన్ని మనం తెచ్చి ఊరి మధ్యలో పెడితే, దాన్ని చడీచప్పుడు లేకుండా మాయం చేసి, నోరు మెదపవద్దన్నట్టు కొంత సొమ్ము పంపిస్తాడు. ధర నిలకడగా ఉన్న మాట నిజమే కానీ, ఆ ధరను నిర్ణయించేవాడు, కొనేవాడు, ఊరిని పాలించేవాడు ఒకడే కావడం నాకు మింగుడుపడలేదు.

అప్పు విషయం చూసేవారికి యానిమల్ క్రాసింగ్: న్యూ హొరైజన్స్‌ను సిఫారసు చేస్తాను. 2020 మార్చి 20న, సరిగ్గా లోకమంతా ఇళ్లలో తలుపులు వేసుకుంటున్న రోజుల్లో విడుదలైన ఆట అది. ద్వీపానికి వెళ్లగానే టామ్ నూక్ అనే వ్యాపారి 49,800 బెల్స్ బాకీ చూపిస్తాడు. అది తీరాక ఇల్లు కట్టుకోవడానికి 98,000, తరువాత గదులు పెంచుకున్న కొద్దీ 1,98,000, 3,48,000 ఇలా పెరుగుతూ చివరికి 24,98,000 దాకా వెళుతుంది. ఈ అంకెలు చూసి చాలామంది అతన్ని వడ్డీ వ్యాపారి అని ఎగతాళి చేస్తారు. అతను వడ్డీ వేయడు. వాయిదా తేదీ లేదు, హామీదారు అక్కరలేదు, జప్తు నోటీసు రాదు, ఇంటి ముందుకు మనుషులు వచ్చి నిలబడరు. పదేళ్లు ఒక్క బెల్ కట్టకపోయినా మరుసటి రోజు నవ్వుతూ పలకరిస్తాడు. ఇలాంటి గృహరుణం నా వృత్తిజీవితంలో ఎన్నడూ మంజూరు చేయలేదు, చేయబోను కూడా.

మరి లోపం లేదా అంటే, పొదుపు చేసేవాడికి ఉంది. 2020 ఏప్రిల్‌లో వచ్చిన ఒక అప్‌డేట్‌తో అక్కడి బ్యాంకు డిపాజిట్ల మీద వడ్డీని బాగా తగ్గించివేసింది. ఖాతాదారులకు ఒక ఉత్తరమూ, దానితోపాటు డబ్బుసంచి బొమ్మ ఉన్న ఒక చిన్న తివాచీ వచ్చాయి. ముసలివాళ్లు వడ్డీ మీద బతికే ఇంట్లో ఆ తివాచీని ఏం చేసుకుంటారు? ఇక మిగిలింది టర్నిప్ అనే దుంపల వ్యాపారం. ఆదివారం ఉదయం కొనాలి, వారంలోగా అమ్మాలి, ధర రోజుకు రెండుసార్లు మారుతుంది, మళ్లీ ఆదివారం వచ్చేసరికి కుళ్లిపోతాయి. మడిచెక్క గారి టమాటాకు ఇది దగ్గరి చుట్టమే.

పలకాబలపం:

ఇద్దరూ పొలం గురించి, అప్పు గురించి రాశారు. చెరువుకట్ట గారి షరతులో పిల్లలు కూడా ఉన్నారని గుర్తు చేస్తున్నాను. పెలికన్ టౌన్‌లో బడి లేదు. విన్సెంట్, జాస్ అనే ఇద్దరు పిల్లలకు పెన్నీ అనే యువతి మ్యూజియంలోని గ్రంథాలయంలో కూర్చోబెట్టి చదువు చెబుతుంది. ఆమె మంచి ఉపాధ్యాయురాలే. కానీ ఆమె ఉండేది ఏటి ఒడ్డున ఒక పాత ట్రెయిలర్ ఇంట్లో. బస్సు పాడైపోవడంతో ఉద్యోగం పోయిన తల్లి పామ్ సాయంత్రమైతే సారాయి దుకాణంలో కనిపిస్తుంది. విన్సెంట్ తండ్రి కెంట్ యుద్ధానికి వెళ్లాడు, రెండో ఏడు వసంతంలో గానీ ఇంటికి రాడు. వచ్చాక కూడా చిన్న శబ్దానికి ఉలిక్కిపడే స్థితిలో ఉంటాడు. దీన్ని స్వర్గమని పిలిచేవారు పొలం గట్టు దాటి ఊళ్లోకి చూడలేదని నా అభిప్రాయం.

ఇంత చెప్పినా, ఆ ఊరిని నేను చెడ్డదనడం లేదు. కష్టాలు దాచని ఊరు కాబట్టే నమ్మబుద్ధి అవుతుంది. యానిమల్ క్రాసింగ్ ద్వీపంలో చదువుకునే పిల్లలే లేరు, ముసలితనం లేదు, మరణం లేదు. అక్కడ కాపురం పెడితే మన అమ్మానాన్నలను ఏ వరుసలో చేరుస్తారో నాకు అంతుబట్టడం లేదు.

తెల్లకోటు:

వైద్యం గురించి ఎవరైనా రాస్తారని చూశాను. సరే, నేనే మొదలుపెడతాను.

చాలామంది ముచ్చటపడే లోకం రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. గుర్రాలు, మంచుకొండలు, గడ్డి మైదానాలు, ఆ సూర్యోదయాలు అన్నీ నిజంగానే అందమైనవి. కానీ ఆట జరిగేది 1899లో. కథానాయకుడు ఆర్థర్ మోర్గన్ ఒక పేదవాడి ఇంటికి బాకీ వసూలుకు వెళ్లి అతన్ని కొడతాడు. కొట్టినప్పుడు ఆ మనిషి దగ్గి, రక్తపు తుంపర ఆర్థర్ ముఖం మీద పడుతుంది. అంతే. ఆ తరువాత కథలో ఎన్ని తుపాకులు పేలినా అతన్ని తీసుకుపోయేది ఆ దగ్గే. సెయింట్ డెనిస్ పట్టణంలో వైద్యుడు క్షయ అని చెప్పగలడు, ఎందుకంటే కాఖ్ అనే శాస్త్రవేత్త ఆ సూక్ష్మజీవిని 1882లోనే కనిపెట్టాడు. విశ్రాంతి తీసుకో, పొడిగాలి ఉన్న చోటికి వెళ్లు అనడం తప్ప ఇంకేమీ చేయలేడు. క్షయను నయం చేసే స్ట్రెప్టోమైసిన్ మందు 1943 దాకా లేదు.

మడిచెక్క గారి మదనపల్లె పక్కనే ఆరోగ్యవరం ఉంది. 1915లో మొదలైన ఆ క్షయ చికిత్సాలయంలో కూడా తొలి దశాబ్దాల్లో మందు అంటే మంచి గాలి, మంచి తిండి, నెలల తరబడి పడక. కొంతమంది కోలుకున్నారు, చాలామంది కోలుకోలేదు. కథానాయకుడికే దక్కని వైద్యం ఆ లోకంలో బాకీ పడ్డ రైతుకు ఏం దక్కుతుంది? ఆటలో ఆ రైతు పేరు థామస్ డౌన్స్. అతను చనిపోయాక భార్య, కొడుకు ఏమయ్యారో ఆట చూపిస్తుంది. ఈ చర్చకు అసలైన పాత్ర ఆర్థర్ కాదు, మిసెస్ డౌన్స్.

దీనికి పూర్తిగా ఎదురుగా సైబర్‌పంక్ 2077 ఉంది. నైట్ సిటీలో వైద్యశాస్త్రానికి సాధ్యం కానిది లేదు. కన్ను మార్చుకోవచ్చు, వెన్నెముక మార్చుకోవచ్చు. ఆట మొదట్లోనే ట్రామా టీమ్ అనే అత్యవసర వైద్యసేవ పనిచేసే తీరు కనిపిస్తుంది. మంచుగడ్డల తొట్టెలో చావుబతుకుల మధ్య ఉన్న ఒక మహిళను మన పాత్ర బయటికి తీసి, ఆమె శరీరంలోని బీమా సంకేతాన్ని పలికిస్తాడు. ప్లాటినం సభ్యత్వం అని తేలుతుంది. నిమిషాల్లో ఎగిరే వాహనం వచ్చి బాల్కనీ దగ్గర ఆగుతుంది, తుపాకులు పట్టుకున్న వైద్యసిబ్బంది దిగి, ఆమెను కాపాడిన మనిషినే వెనక్కి జరగమని గద్దించి, ఆమెను ఎక్కించుకుని వెళ్లిపోతారు. పక్కనే సభ్యత్వం లేనివాడు రక్తం కారుతూ పడి ఉంటే అతను వారికి కనబడడు. మన దగ్గర 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో 108 సేవ మొదలైనప్పుడు, ఫోన్ ఎత్తినవారు ముందు అడిగింది ఎక్కడున్నారని, ఏమైందని; ఏ కార్డు ఉందని కాదు. అన్ని లోటుపాట్లతో సహా ఆ 108 తిరిగే లోకమే నాకు నైట్ సిటీ కంటే మేలు.

రాత్రిబండి:

ది విచర్ 3 పేరు ఎవరూ ఎత్తకపోవడం ఆశ్చర్యంగా ఉంది. ఆ ఆటలోని వెలెన్ ప్రాంతం సంగతి ఒప్పుకుంటాను, అది నరకమే. రెండు సైన్యాలు నలిపేసిన పల్లెలు, చెట్లకు వేలాడే శవాలు, చెరువులోకి దిగితే కాలు పట్టి లాగే జీవులు. కానీ 2016లో వచ్చిన రెండో విస్తరణలో, అంటే అదనపు కథాభాగంలో, తూస్సాన్ అనే చిన్న సంస్థానం ఉంది. ద్రాక్షతోటలు, తెల్లటి కోట, మంచి ఎండ, యుద్ధం సరిహద్దు దాటి రాదు. అక్కడ ద్రాక్షతోటలో కూలీగా చేరడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు.

తెల్లకోటు:

రాత్రిబండి గారూ, ఆ విస్తరణ కథ చివరికి వచ్చేసరికి రక్తపిశాచులు రాజధాని బోక్లెర్ మీద విరుచుకుపడి వీధుల్లో దొరికినవారిని దొరికినట్టు చీల్చివేస్తాయి. మీ కూలీ ఆ రాత్రి బజారుకు వెళ్లి ఉండకూడదని కోరుకుంటున్నాను.

దోషాన్వేషి:

నేను హైదరాబాద్‌లో గేమ్ టెస్టర్‌గా పని చేస్తున్నాను. ఆటలోని లోపాలు వెతకడం నా బతుకుతెరువు కాబట్టి, మీ చర్చలో తగిలిన ఒక లోపాన్ని కూడా చెప్పనివ్వండి. యుద్ధం, రోగం, అప్పు, పిశాచం అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. కథానాయకుడి స్థానంలో మీరు లేరు సరే. మరి ఆ స్థానంలో ఎవరో ఒకరు ఉంటారు కదా? కంట్రోలర్ పట్టుకుని కూర్చున్న ఆటగాడు ఉంటాడు. సామాన్యుడికి అసలు ముప్పు అతని నుంచే.

మైన్‌క్రాఫ్ట్ తీసుకోండి. పైకి చూస్తే ఎంతో ప్రశాంతమైన పల్లెలు. ఒక పగలూ రాత్రీ కలిపి 20 నిమిషాలు. పొద్దుగూకగానే గ్రామస్థులు ఇళ్లలోకి వెళ్లి పడుకుంటారు, ఇనుప కాపలాదారు ఊరు చుట్టూ తిరుగుతుంటాడు. రాత్రి జాంబీ వచ్చి గ్రామస్థుణ్ని చంపితే అతను కూడా జాంబీగా మారే అవకాశం ఎంత అన్నది ఆటగాడు ఎంచుకున్న కష్టస్థాయిని బట్టి ఉంటుంది. సులభ స్థాయిలో మారడు, మధ్యస్థ స్థాయిలో నూటికి యాభై, కఠిన స్థాయిలో తప్పకుండా మారతాడు. అంటే మీ కుటుంబం శవాలుగా మిగులుతుందా, శవాలై నడుస్తుందా అన్నది ఎక్కడో ఒకడు మెనూలో నొక్కిన ఒక మీటను బట్టి తేలుతుంది. ఆ మీట ఉందని కూడా మీకు తెలియదు.

ఇంకా ఉంది. ఆ ఊళ్లో పుస్తకాలు అమ్మే గ్రంథపాలకుడు ఉంటాడు. పనిముట్లు తమంతట తామే బాగుపడే మంత్రపుస్తకం అతని దగ్గర దొరకవచ్చు కాబట్టి ఆటగాళ్లకు అతని మీద ఎంతో మోజు. అతన్ని పడవలోకి నెట్టి, మైలు దూరం ఈడ్చుకువచ్చి, ఒక మనిషి నిలబడే వెడల్పున్న గదిలో పెట్టి, చుట్టూ రాళ్లు పేరుస్తారు. ముందు ఒక పుస్తకపీఠం ఉంచుతారు. అతను చూపించిన పుస్తకం నచ్చకపోతే పీఠాన్ని పగలగొట్టి మళ్లీ పెడతారు. కావలసిన పుస్తకం వచ్చేదాకా అదే పని. తరువాత ధర తగ్గించడానికి కావాలనే జాంబీని అతని మీదికి వదిలి, అతను జాంబీ అయ్యాక బలహీనపరిచే కషాయం చల్లి, బంగారు ఆపిల్ తినిపించి మళ్లీ మనిషిని చేస్తారు. అతను ప్రాణం కాపాడినందుకు కృతజ్ఞతగా సరుకును చవకగా ఇస్తాడు! ఇలాంటి గదులను వరుసగా కట్టి దాన్ని వ్యాపారశాల అని ముద్దుగా పిలుస్తారు. ఎలా కట్టాలో నేర్పే వీడియోలు కొల్లలు. స్కైరిమ్ అనే ఆటలో దుకాణదారు తలమీద బకెట్ బోర్లించి, అతనికి కళ్లు కనబడవు కాబట్టి కొట్టంతా దోచుకునే పద్ధతి కూడా ఈ కోవలోదే.

కాబట్టి ఏ ఊళ్లో కాపురం పెట్టాలన్నా, ఆటగాడికి మన మీద ఎంత అధికారం ఉందన్నది మొదటి ప్రశ్న కావాలి.

చెరువుకట్ట:

దోషాన్వేషి గారు చెప్పింది చదివాక వైస్ సిటీ అనే ఆట గుర్తుకు రాక మానదు. 2000ల మధ్యలో విజయవాడలోనో వరంగల్‌లోనో నెట్ సెంటర్‌కు గంట లెక్కన డబ్బు కట్టి వెళ్లిన కుర్రాళ్లలో ఆ ఆట కథను చివరిదాకా నడిపినవారు తక్కువ. అందరూ చేసింది ఒకటే: దారిన పోయే కారు తలుపు తీయడం, డ్రైవరును రోడ్డు మీదికి లాగడం, ఫుట్‌పాత్ మీద నడిపించడం. 1986 నాటి మయామీని పోలిన ఆ అందమైన సముద్రతీరపు ఊళ్లో ఉద్యోగానికి బయలుదేరిన గుమాస్తా సాయంత్రం ఇంటికి చేరడం అనేది పూర్తిగా మన దయ. ఒక మేలు మాత్రం ఉంది. పడిపోయినవారి దగ్గరికి అంబులెన్స్ ఉచితంగానే వస్తుంది, సిబ్బంది కిందికి వంగి ఏదో చేయగానే చచ్చినవాడు లేచి నడిచి వెళ్లిపోతాడు. ఆ అంబులెన్స్ వచ్చే తొందరలో ఇంకో ఇద్దరిని గుద్దేస్తుందన్నది వేరే విషయం.

ఈ కొత్త ప్రశ్నను షరతుల్లో చేరుస్తున్నాను.

పలకాబలపం:

ఆటగాడు దొంగో రౌడీయో అయితే కనీసం పారిపోవచ్చు. అతనే పాలకుడైతే? ఫ్రాస్ట్‌పంక్ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే నా దృష్టిలో సామాన్యుడు అడుగుపెట్టకూడని లోకాల్లో అది మొదటిది.

2018లో వచ్చిన ఈ ఆటలో కాలం 1886. భూమి మంచులో కూరుకుపోతుంది, లండన్ నుంచి బయలుదేరిన కొంతమంది ఉత్తరాన ఒక పెద్ద బొగ్గుకొలిమి చుట్టూ గుండ్రంగా గుడిసెలు వేసుకుంటారు. ఆటగాడు వారి నాయకుడు. అతని ముందు చట్టాల పుస్తకం ఉంటుంది. పిల్లలను పనిలో పెట్టాలా, వారికి ఆశ్రయం కట్టించాలా? తిండి చాలకపోతే పలచటి జావ పోయాలా, రంపపు పొట్టు కలిపి కడుపు నింపాలా? మంచుకు కాళ్లు చచ్చుబడ్డవారిని ఎలాగోలా బతికించి ఉంచాలా, కాళ్లు తీసేయాలా? పనిగంటలను 14కు పెంచవచ్చు. అత్యవసరమైతే ఒకేసారి 24 గంటలు పని చేయించవచ్చు. ఒకసారి సంతకం పెట్టిన చట్టాన్ని రద్దు చేయడం ఉండదు.

ఇందులో నాయకుడు క్రూరుడు కానక్కరలేదు, అదే నన్ను ఎక్కువగా బాధపెట్టింది. ఎంతో మంచి మనసుతో ఆడినవారు కూడా మొదటి వారంలోనే పిల్లలను బొగ్గు ఏరడానికి పంపిస్తారు, ఎందుకంటే కొలిమి ఆరిపోతే అందరూ పోతారు, చేతులు చాలవు. తెర మీద అది ఒక అంకె. పని చేసేవారి సంఖ్య పెరిగింది, బొగ్గు నిల్వ పెరిగింది, బాగుంది. ఆ అంకెలో మా అబ్బాయి ఉంటాడని నేను తల్లిగా ఆలోచిస్తాను, ఆటగాడు ఆలోచించడు. ఆలోచించే తీరిక ఆట అతనికి ఇవ్వదు కూడా.

పద్దుపుస్తకం:

పేపర్స్, ప్లీజ్ కూడా ఈ వరుసలోదే, కాకపోతే అక్కడ ఆటగాడే సామాన్యుడు. 1982లో ఆర్‌స్టోట్స్కా అనే దేశపు సరిహద్దు గేటు దగ్గర పాస్‌పోర్టులు తనిఖీ చేసే గుమాస్తా. సరిగ్గా చూసిన ఒక్కో మనిషికి 5 క్రెడిట్లు. సాయంత్రం అద్దె, తిండి, చలికి వేడి, పిల్లవాడి మందు, వీటిలో ఏది మానాలో టిక్కు పెట్టాలి. వరుసగా ఈ పద్దు రాస్తూ ఉంటే, భర్తతో కలిసి వచ్చిన భార్య దగ్గర ప్రవేశపత్రం లేదని తెలిసినా ముద్ర ఎటు వేయాలన్నది జీతం చూసి తేల్చుకునే స్థితికి వస్తాం. చెరువుకట్ట గారి షరతులన్నిటినీ అక్షరాలా పాటించిన ఆట నాకు తెలిసి ఇదొక్కటే. అక్కడ బతకమంటే మాత్రం బతకను.

రైట్‌రైట్:

ఇంత చీకటి దేనికండీ? బస్సులు, లారీల ఆటలు ఎవరికీ గుర్తు లేవా? బస్ సిమ్యులేటర్ ఇండోనేషియా అనే మొబైల్ గేమ్‌కు మన కుర్రాళ్లు ఆర్టీసీ పల్లెవెలుగు రంగులు, సూపర్ లగ్జరీ రంగులు వేసి, ముందు ఊరి పేరు బోర్డు తెలుగులో రాసి, ఇండోనేషియా రోడ్ల మీద తిప్పుతున్నారు. 2012లో వచ్చిన యూరో ట్రక్ సిమ్యులేటర్ 2లో ఆటగాడు ఎంత అడ్డదిడ్డంగా నడిపినా ఏ మనిషీ చావడు. బండి దెబ్బతింటుంది, జరిమానా పడుతుంది, గ్యారేజీకి లాక్కుపోతారు. సిగ్నల్ దాటితే జరిమానా, వేగం మించితే జరిమానా, నిద్ర ఆపుకుని నడిపితే కళ్లు మూతపడతాయి. దోషాన్వేషి గారి ప్రశ్నకు ఇంతకన్నా మంచి జవాబు ఏముంది? ఆటగాడికి చట్టం వర్తించే లోకం అది. ఊళ్ల మధ్య దూరాలను 19 వంతులు కుదించారు కాబట్టి పుట్టింటికి వెళ్లిరావడం కూడా సులువు.

దోషాన్వేషి:

రైట్‌రైట్ గారూ, మంచి మాట. కానీ ఆ లోకంలో ఇళ్లకు తలుపులు తెరుచుకోవు. లోపల ఏమీ లేదు, గోడల మీద కిటికీల బొమ్మలే. కాపురం ఎక్కడ పెడతారు?

పలకాబలపం:

పోకెమాన్ లోకాన్ని మా పిల్లలు సూచించారు, వారి తరఫున రాస్తున్నాను. వైద్యం పూర్తిగా ఉచితం, ప్రతి ఊళ్లోనూ కేంద్రం ఉంటుంది, గాయపడ్డ ప్రాణిని అప్పగిస్తే క్షణాల్లో బాగుచేసి ఇస్తారు. అయితే ఆ వైద్యం పోకెమాన్‌లకే. మనిషికి జబ్బు చేస్తే ఎక్కడికి వెళ్లాలో ఆ కేంద్రంలో రాసి ఉండదు. పైగా పదేళ్ల పిల్లవాడు ఒంటరిగా అడవుల్లోకి బయలుదేరడం అక్కడి ఆచారం. డ్రిఫ్లూన్ అనే బెలూన్ లాంటి జీవి పిల్లల చేతులు పట్టుకుని ఎత్తుకుపోవాలని చూస్తుందని వారి గ్రంథమే చెబుతుంది. మా ఇంట్లో ఈ వాక్యం చదివి వినిపించాక పెద్దవాడు కొంచెం తగ్గాడు, చిన్నది మాత్రం బెలూన్ కావాలంటోంది.

దోషాన్వేషి:

నా ఎంపిక చెబుతాను. జెల్డా ఆటల్లోని హటేనో గ్రామం. 2017లో వచ్చిన బ్రెత్ ఆఫ్ ద వైల్డ్‌లోనూ, 2023లో వచ్చిన టియర్స్ ఆఫ్ ద కింగ్‌డమ్‌లోనూ ఉంది. రాజ్యం నాశనమై నూరేళ్లు గడిచినా అక్కడ ఆవులు ఉన్నాయి, పొలాలు ఉన్నాయి, సత్రం, రంగుల దుకాణం, కొండ మీద పరిశోధనశాల ఉన్నాయి. పాడుబడ్డ ఇల్లు ఒకటి 3,000 రూపీలకు (అక్కడి డబ్బు), కొంత కలపకు దొరుకుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, కథానాయకుడు లింక్ కత్తి దూసి ఊరివారి మీదికి వెళ్లినా వారికి దెబ్బ తగలదు; తల మీద చేతులు పెట్టుకుని కూర్చుంటారు, అంతే. కోళ్లను కొడితే మాత్రం గుంపు మీదపడి అతన్నే పొడుస్తాయి. ఆటగాడి చేతులు కట్టేసిన లోకం ఇది, చేతులు కట్టేసినా ఇళ్లకు తలుపులు ఉన్న లోకం.

పలకాబలపం గారికి మరొక సంగతి. రెండో ఆటకు వచ్చేసరికి అక్కడ బడి పెట్టారు, సిమిన్ అనే పరిశోధకుడు పాఠాలు చెబుతాడు. పద్దుపుస్తకం గారికి: అక్కడ మేయర్ పదవికి పోటీ కూడా జరుగుతుంది. కూరగాయలు పండించే పాత మేయర్ రీడ్ ఒకవైపు, పుట్టగొడుగు ఆకారపు టోపీలతో ఊరంతటినీ మార్చేసిన బట్టల దుకాణం యజమానురాలు సెసీ మరొకవైపు. ఊరు రెండుగా చీలి వాదించుకుంటుంది.

తెల్లకోటు:

ఎర్రచంద్రుడు లేచిన రాత్రి చంపిన రాక్షసులన్నీ మళ్లీ లేస్తాయి కదా? ఊరి పొలిమేర దాటి గడ్డికి వెళ్లేవారి సంగతి? తీరాన ఉన్న లూర్లిన్ గ్రామాన్ని రెండో ఆటలో రాక్షసమూక ఆక్రమించుకుందని కూడా గుర్తు పెట్టుకోండి. హటేనోలో వైద్యుడి ఇల్లు నాకు ఎక్కడా కనబడలేదు. ఉడకబెట్టిన పండ్లు, కషాయాలతో అన్నీ నయమవుతాయన్నది లింక్ విషయంలో నిజం. ప్రసవం కష్టమైన ఆడమనిషికి అవి చాలవు. అయినా ఇప్పటిదాకా వచ్చిన పేర్లలో మా అమ్మానాన్నలను తీసుకుని వెళ్లడానికి ధైర్యం చేయగలిగింది హటేనోకే. మొదటి ఏడు నేను ఖాళీగా ఉండననీ తెలుసు.

మడిచెక్క:

అందరూ హటేనో వైపు మొగ్గుతున్నట్టున్నారు. అక్కడ పండించిన కూరగాయలు ఎవరు కొంటారు, ఏ ధరకు కొంటారు అన్నది దోషాన్వేషి గారు రాయలేదు. ఊళ్లోని సరుకుల కొట్టు ఒక్కటే కనిపిస్తుంది, బయటి ఊరికి తోలాలంటే దారిలో రాక్షసుల శిబిరాలు. ఎన్నిక జరగడం మంచిదే. అయితే ఆ ఎన్నికలో గొడవంతా పుట్టగొడుగు టోపీలా, కూరగాయలా అన్నదాని మీదే తప్ప, గిట్టుబాటు ధర మాట ఇద్దరిలో ఒక్కరూ ఎత్తరు. నేను పెలికన్ టౌన్‌లోనే ఉంటాను. లూయిస్ మీద పోటీకి ఎవరూ నిలబడలేదన్నారు కాబట్టి, పద్దుపుస్తకం గారు కూడా అక్కడికే వస్తే నామినేషన్ పత్రం ఆయన పేరు మీదే వేయిద్దాం. రాత్రి పెట్టె దగ్గర తూకం రాయడానికి మనిషిని పెడతానని మాట ఇస్తే చాలు, మా వీధి ఓట్లు నేను చూసుకుంటాను.